పేరు చెప్పాకే నొక్కాలి

వదిన కళ్లు వానాకాలం దాకా ఆగుతాయో లేదో చెప్పలేనన్నాడు కంటి డాక్టరు. ఎడమ కంటి నడిమధ్య చూపు ఇప్పటికే పోయింది. కుడి కన్నూ చాలావరకు అదే దారి పట్టింది. అంచుల్లో చూపు మిగులుతుంది, మధ్యలోది పోతుంది అంటూ కాగితం మీద ఒక గుండ్రం గీసి, దాని నడుమ పెన్నుతో నల్లగా రుద్ది చూపించాడు. వదిన ఆ కాగితం అందుకుని, తల పక్కకు వంచి, కంటికొసతో చూసి, "బొమ్మ బాగుందండీ, మధ్యలో ఏం గీశారో మాత్రం కనబడలేదు" అంది. నవ్వాలో వద్దో తెలియక డాక్టరు గొంతు సవరించుకున్నాడు. పక్క కుర్చీలో కూర్చున్న పిచ్చుకకు ఏడుపు తన్నుకొచ్చింది.

పిచ్చుక వదినకు ఆడపడుచు. రక్తపరీక్షల ల్యాబులో రోజంతా మైక్రోస్కోపులో కన్నుపెట్టి కూర్చునే మనిషి. జుట్టు నెరిసింది, మోకాళ్లు మొరాయిస్తున్నాయి, అయినా చిన్నప్పుడు బక్కగా ఉండేదని ఇంట్లో పెట్టిన పేరు మాత్రం వదల్లేదు. ల్యాబులో అందరూ 'మేడమ్ గారూ' అంటారు. ఇంటికొస్తే పిచ్చుకే.

మెట్లు దిగుతూ వదిన ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"ఒసే అర్ధమొగుడూ, నాకు ఒకటే కోరిక మిగిలింది. ఆ గోధుమరంగుదాన్ని ఒక్కసారి సరిగ్గా చూడాలి. అదేంటో తెలుసుకోవాలి, తనివితీరా చూడాలి. ఆ తర్వాత ఈ కళ్లు ఏ గంగలో కలిసినా సరే."

"ఇప్పుడా? ఈ ఎండల్లోనా?"

"ఎండల్లోనే కదే అది కనబడింది."

ఏ గోధుమరంగుది అని పిచ్చుక అడగలేదు. ఆ ఇంట్లో గోధుమరంగుది అంటే ఒకటే.

ఆడబిడ్డ అర్ధమొగుడు అని సామెత. అసలు మొగుడు పెట్టే ఆరళ్లు చాలనట్టు మిగతా సగం ఈవిడ పెడుతుందని పెద్దవాళ్ల ఉద్దేశం. వదిన ఆ సామెతను ముద్దుపేరు చేసుకుంది. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో, తల్లీ తండ్రీ లేని ఆ బక్కపిల్ల స్కూలు సంచీ దించకుండానే గది గుమ్మంలో నిలబడి, "నీ పెట్టెలో ఏముంది?" అని అడిగింది. "వచ్చావా అర్ధమొగుడూ? పూర్తి మొగుడు ఇంకా అడగనేలేదు" అని నవ్వి వదిన పెట్టె తెరిచింది. మడత బట్టల మధ్య తువ్వాల్లో చుట్టిన కెమెరా ఉంది. వదిన వాళ్ల నాన్నకు ఫోటో స్టూడియో ఉండేది. కూతురికి ఆయన ఇచ్చి పంపినది అదే. మెళ్లో వేసుకునేది కాకుండా మెళ్లో తగిలించుకునేది ఇచ్చాడేంటని చుట్టాలు నొసలు చిట్లించారట.

అన్నయ్య అప్పట్లో రేడియో ప్రసార కేంద్రంలో టెక్నీషియన్. ఊరికి దూరంగా, మబ్బుల్ని గోకుతూ రెండు ఇనుప స్తంభాలు. వాటి కింద రాత్రీ పగలూ హూంకరించే యంత్రాల గది. ఆ పక్కన సిబ్బందికి కొన్ని క్వార్టర్లు. స్తంభాల ప్రసారాన్ని పట్టుకుని వంటగదిలో మేకుకు తగిలించిన గరిటె ఒక్కోసారి వార్తలు చదివేదని అన్నయ్య చెప్పేవాడు. పిచ్చుక ఎన్నోసార్లు చెవి ఆనించి వింది కానీ ఆ గరిటె ఆమెకు ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

స్తంభాల చుట్టూ చాలా దూరం వరకు నేలలో రాగి తీగలు పాతి ఉండేవి. అక్కడ తవ్వకూడదు, దున్నకూడదు, చెట్టు నాటకూడదు. కాబట్టి గడ్డి తన ఇష్టమొచ్చినట్టు పెరిగింది. వాన పడితే మోకాలెత్తు, ఇంకో వాన పడితే నడుమెత్తు. ఆ గడ్డిలో ఎవరూ నారూ నీరూ పొయ్యకుండానే పుట్టుకొచ్చే చిన్న చిన్న పూలు, వాటి మీద సీతాకోకచిలుకలు. మనుషులకు ఎందుకూ కొరగాని నేల వాటికి సొంత రాజ్యం.

వదినా పిచ్చుకా సెలవు రోజు తెల్లవారగానే బీడులో దిగేవాళ్లు. రెక్కలు మంచుకు తడిసి అవి ఇంకా ఎగరలేని వేళ అది. పిచ్చుక ముందు, వదిన వెనక. వెతకడం పిచ్చుక పని, తీయడం వదిన పని. నీడ దాని మీద పడకూడదు, గడ్డి కదలకూడదు, ఊపిరి బిగబట్టాలి. వదిన దగ్గర అట్ట ఊడిపోయిన పాత పుస్తకం ఒకటి ఉండేది. అందులో ఒక్కో రకానికి ఒక్కో రంగు బొమ్మ, కింద నోరు తిరగని పరాయి పేరు. ఆ పేర్లు ఎవరికి కావాలి? పుస్తకంలో బొమ్మతో పోల్చుకున్నాక వీళ్లే పెట్టుకున్నారు. పచ్చగా గాలికి దొర్లిపోయేది నిమ్మతొక్క. గోరంత నీలిది పలకబలపం. ఇక గడ్డి మొదళ్లలో తిరిగే చిన్న మట్టిరంగుది, రెక్క మూయగానే పసుపు ఉంగరాలు వరసగా కనబడేది, ఉంగరాలమ్మ. ఉంగరాలు ఎన్నో లెక్కపెట్టి ఫలానా ఉంగరాలమ్మ అని తేల్చేది పిచ్చుక. ఆ లెక్కలో ఆ పిల్ల ఏనాడూ తప్పలేదు. వదిన ఆ పిల్లకు ఇచ్చిన మొట్టమొదటి ఫోటో ఉంగరాలమ్మదే.

వదిన పెట్టిన నియమం ఒకటుంది: పేరు చెప్పాకే నొక్కాలి. వాళ్ల నాన్న స్టూడియోలో పద్ధతి అది. వచ్చిన మనిషి పేరు రాసుకోనిదే ఆయన దీపం వెలిగించేవాడు కాదు. ఫిల్ము కడిగాక ఎవరి మొహం ఎవరిదో తెలియక ఒకసారి పడిన తిప్పలు చాలనేవాడు. కూతురికి అదే వేదమైంది. పిచ్చుక వేలు చూపించాలి, పేరు చెప్పాలి, వదిన అద్దంలోంచి చూసి "ఊఁ, అదే" అనాలి, అప్పుడు టిక్కుమనాలి. పేరు తెలియనిది ఎంత అందగత్తె అయినా సరే, దానికి దండం పెట్టి ముందుకు నడవడమే. ఈ నియమం పుణ్యమా అని ఆ ఇంటి ఆల్బమ్‌లో తెలిసిన మొహాలే ఉండేవి. ఎన్ని తెలియనివి వాళ్ల ముందు నుంచి ఎగిరిపోయాయో దేవుడికే తెలియాలి.

ఎండాకాలంలో బీడుకు వెళ్లేవాళ్లు కాదు. గడ్డి ఎండి, నేల నెర్రెలిచ్చి, వడగాడ్పు కొడుతుంటే అక్కడ చూడ్డానికి ఏముంటుంది? ఒక్క ఏడు మాత్రం వెళ్లారు. అన్నయ్యకు బదిలీ అయింది. సామానంతా పెట్టెలకెక్కింది, లారీ వాకిట్లో నిలబడింది. కెమెరాలో ఒకే ఒక్క ఫోటో మిగిలింది. "పద, బీడుకు ఒకసారి చెప్పొద్దాం" అని వదిన పిచ్చుక చెయ్యి పట్టుకుంది.

అక్కడే కనబడింది అది. ఎండిన గడ్డిపోచ మీద, రెక్కలు మూసుకుని, ఎండుటాకు ముక్క అతుక్కుందేమో అన్నట్టు. గోధుమరంగు. గీత లేదు, చుక్క లేదు. వాళ్లు పేరు పెట్టిన వాటిలో అలాంటిది లేదు.

"నొక్కు వదినా!"

"పేరు?"

"తెలీదు. నువ్వు నొక్కు ముందు!"

"పేరు చెప్పవే."

"పుస్తకం పెట్టెలో ఉంది కదా! తర్వాత చూద్దాంలే, నొక్కు వదినా, నీకు దండం పెడతాను!"

వదిన వేలు మీట మీదే ఉంది. నొక్కలేదు. ఇంతలో లారీవాడు హారన్ మోగించాడు. అది లేచి ఎండుగడ్డిలో కలిసిపోయింది. ఆ దారి పొడుగునా పిచ్చుక వదినతో మాట్లాడలేదు. మిగిలిన ఆ ఒక్క ఫోటోతో, కొత్త ఊళ్లో ఏదో గుర్తింపు కార్డుకు కావాలంటే అన్నయ్యను తీశారు. అందులో ఆయన కళ్లు మూసుకున్నాడు.

కోపం రెండు రోజుల్లో పోయింది. ఆ గోధుమరంగుది మాత్రం పోలేదు. పిచ్చుక చదువుకుంది, ఉద్యోగంలో చేరింది, పెళ్లి చేసుకుని అదే ఊళ్లో రెండు వీధుల అవతల కాపురం పెట్టింది. వదిన కుట్టుమిషను కొనుక్కుని ఊరందరి బట్టలూ కుట్టింది. ఎప్పుడు కలిసి కూర్చున్నా, మాటల మధ్యలో వదిన సూది ఆపి, "అది ఏమై ఉంటుందంటావే?" అనేది. చచ్చిన గేదెకు పాలెక్కువన్నట్టు, ఏళ్లు గడిచేకొద్దీ దాని అందం పెరిగింది. అంచున బంగారు జరీ ఉందంది వదిన. పక్క నుంచి చూస్తే ఊదారంగు తళుకు ఉందంది పిచ్చుక. "మీ ఇద్దరూ ఇలాగే ఉంటే వచ్చే ఏటికి దానికి కిరీటం కూడా వస్తుంది" అని అన్నయ్య పేపరు వెనక నుంచి అనేవాడు.

నవ్వుల కింద ఒక ముల్లు ఉందని పిచ్చుకకు తెలుసు. వదిన ఎవరికీ ఏదీ లేదనని మనిషి. అమ్మ లేని పిల్లకు జడ వేసింది, జ్వరమొస్తే పక్కన పడుకుంది, స్కూల్లో కొట్టారంటే వెళ్లి పోట్లాడింది. అడిగినది ఆ మనిషి ఇవ్వకపోవడం ఆ ఒక్కసారే జరిగింది. పిచ్చుక ఎప్పుడో మరిచిపోయింది, వదిన మరవలేదు.

అందుకే ఇప్పుడు ఈ ప్రయాణం. అన్నయ్య కారు తీశాడు. "కంటికి చుక్కలు వేయించుకోమని డాక్టరు చెబితే పురుగులు చూపించడానికి తీసుకెళ్తున్నానని ఎవరికైనా తెలిస్తే నన్ను పిచ్చాసుపత్రిలో వేస్తారు" అని దారంతా సణిగాడు. కానీ మడత కుర్చీ పెట్టింది ఆయనే, ఫ్లాస్కులో టీ పోసింది ఆయనే, వదిన గొడుగు మరిచిపోతే వెనక్కి తిప్పింది కూడా ఆయనే.

పిచ్చుక మెడలో కొత్త కెమెరా ఉంది. ఎన్ని నొక్కినా తరగదు, గోరంతదాన్ని గోడంత చేసి చూపిస్తుంది. కానీ ఆమె మనసులో ధైర్యం లేదు. ముందు రోజు ఇంట్లో ఒక పువ్వు ఫోటో తీసి, పెద్ద తెర మీద పెట్టి వదినను పరీక్షించింది. "చుట్టూ రేకులు కనబడుతున్నాయి, నడుమ ఎవరో సిరా ఒలకబోశారు" అంది వదిన. తెర ఎంత పెద్దదైనా, వదిన చూసిన చోటల్లా సిరా మరకే. ఆ గోధుమరంగుది దొరికినా వదినకు కనబడదు. ఆ సంగతి పిచ్చుకకు తెలుసు, అన్నయ్యకు తెలుసు, బహుశా వదినకూ తెలుసు. ముగ్గురూ ఆ మాట ఎత్తకుండా కారులో పాత పాటలు విన్నారు.

ప్రసార కేంద్రం మూతబడి చాలా కాలమైంది. స్తంభాలు మాత్రం తుప్పుపట్టి నిలబడే ఉన్నాయి. కాపలా మనిషి గేటు తీశాడు. అన్నయ్య సరాసరి తన యంత్రాల గదికి వెళ్లి, తాళం వేసిన తలుపు పక్కన మురికి అద్దానికి నుదురు ఆనించి, రెండు చేతులూ కళ్లకు అడ్డం పెట్టుకుని లోపలికి చూస్తూ ఉండిపోయాడు. లోపల ఇప్పుడు హూంకారం లేదు. క్వార్టర్లకు పైకప్పు లేదు. వాళ్ల వంటగది గోడకు మేకు ఇంకా ఉంది. పిచ్చుక దాన్ని ముట్టుకుంది. దానికి చెవి ఆనించింది.

"ఏమైంది?" అంది వదిన.

"వార్తలేమైనా వస్తాయేమోనని."

"నీ మొహం" అంది వదిన.

బీడులో గడ్డి పండిపోయి పసుపుపచ్చగా ఉంది. ఈసారి వదిన ముందు నడిచింది. ఎదురుగా చూస్తే మాయమైపోయేది పక్కకు తల తిప్పితే ప్రత్యక్షమవుతుందట. "నా కళ్లకు ఈ మధ్య సిగ్గెక్కువైంది, ఎవరినీ తిన్నగా చూడవు" అంది. రంగులూ గీతలూ ఆమెకు అందవు. కదలిక మాత్రం కంటికొసకు తగులుతోంది. ఆశ్చర్యమేమిటంటే అది పిచ్చుకకంటే ముందే తగులుతోంది.

"నిమ్మతొక్క. నీ కుడి చేతి పక్క."

పిచ్చుక తిరిగి చూస్తే నిమ్మతొక్కే.

"పలకబలపం. కాదు కాదు, రెండున్నాయి. కొట్టుకుంటున్నాయి."

రెండున్నాయి. కొట్టుకుంటున్నాయి.

"రంగు కనబడకుండా ఎలా చెప్తున్నావు వదినా?"

"మన వీధిలో ఎవరొస్తున్నారో దూరం నుంచి నీకెలా తెలుస్తుంది? మొహం చూశాకే చెప్తావా?"

ఎండ ఎక్కింది. పిచ్చుక కళ్లు ప్రతి ఎండుపోచనూ తడుముతున్నాయి. దొరక్కపోతే బాగుండునని కూడా ఒక క్షణం అనుకుంది. దొరికి, వదిన దాని ముందు నిలబడి, అక్కడ సిరా మరక తప్ప ఏమీ చూడలేకపోతే ఆ మొహం తాను చూడగలదా?

"ఉంగరాలమ్మ" అంది వదిన మామూలుగా. "ఆ దుబ్బు దగ్గర దిగింది. పాపం, ఇంత ఎండలో."

పిచ్చుక దుబ్బు కేసి చూసింది. ఉంగరాలు ఎక్కడా లేవు. ఇంకోసారి చూసింది. ఎండుపోచ మీద ఎండుటాకు ముక్క. గోధుమరంగు. గీత లేదు, చుక్క లేదు. ఆమె కెమెరా ఎత్తింది.

పేరు చెప్పలేదు. అడగనూ లేదు. నొక్కింది, నొక్కుతూనే ఉంది.

"ఏంటే అన్ని నొక్కుతున్నావు? ఉంగరాలమ్మను ఎప్పుడూ చూడనట్టు?"

"వదినా... ఇది ఉంగరాలమ్మ కాదు. అదే. ఆ రోజుది."

వదిన రెండడుగులు ముందుకు వేసింది. ఏళ్ల తరబడి ఇంకొకరికి నేర్పిన పాఠం తానే మరిచి, తన నీడ దాని మీద పడనిచ్చింది. అది లేచింది. గడ్డి కొసలు దాటి పైకి పోలేదు. ఒక గంతు, ఒక తూలు, మళ్లీ గంతు. వదిన తల పక్కకు తిప్పి దాన్ని చివరిదాకా చూసింది.

"అది ఉంగరాలమ్మేనే" అంది.

"ఒక్క ఉంగరమూ లేదు వదినా. నేను దగ్గర నుంచి చూశాను."

"ఉంగరాలు నాకెలాగూ కనబడవు. నడక కనబడింది. తూలుకుంటూ గంతులేసుకుంటూ పోయేది ఈ బీడులో అదొక్కటే. మీ అన్నయ్య గడ్డం గీయించుకుంటే మీ అన్నయ్య కాకుండా పోతాడా? ఇంకోసారి చూడు. నీ ఉద్యోగమే అది కదా."

పిచ్చుక ఎండలోనే నేల మీద చతికిలబడింది. గొడుగు కింద తెర పెట్టుకుని ఫోటోను పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. ల్యాబులో ఒక్కో కణాన్నీ చూసినట్టు, రెక్క అంచు వెంట చూపు జరిపింది. అక్కడ, ఉంగరాలు ఉండాల్సిన ప్రతి చోటా, సూదిమొనతో పొడిచినంత చుక్క. వరస అదే. చిన్నప్పుడు వేలితో లెక్కపెట్టిన లెక్క అదే. అది లేస్తున్నప్పుడు పడిన ఆఖరి ఫోటోలో, వెనక రెక్క చాటున ఉండిపోయిన ముందు రెక్క బయటపడింది. దాని మీద, నిక్షేపంలా, ఒక పసుపు ఉంగరం.

ఉంగరాలు వానాకాలంలో పుట్టినవి పెట్టుకుంటాయి, ఎండల్లో పుట్టినవి తీసేస్తాయన్నమాట. ఎండుగడ్డిలో పక్షుల కంటపడకుండా బతకాలంటే నగలతో తిరగడం కుదరదు మరి. వాళ్ల అట్టలేని పుస్తకం దానికి వానాకాలపు బొమ్మే వేసింది. వీళ్లేమో ఎండాకాలం బీడు గుమ్మం తొక్కలేదు.

బంగారు జరీ, ఊదారంగు తళుకు, ఇన్నేళ్ల ఎదురుచూపు. చివరికి ఇదా? అడుగు తీసి అడుగేస్తే ఎదురయ్యే ఉంగరాలమ్మా? ఇదేదో ఎక్కడా లేని రకమని, ఆ విద్య తెలిసినవాళ్లకు పంపి పేరు కనుక్కోవాలని చెప్పేస్తే పోదా అనిపించింది పిచ్చుకకు. తెర మీదిది వదినకు కనబడదు, ఆ అబద్ధాన్ని పట్టుకోవడం ఆమె వల్ల కాదు. కానీ ఈ మనిషికి పిచ్చుక అబద్ధం చెప్పి ఎప్పుడూ గట్టెక్కలేదు.

"నువ్వు చెప్పిందే నిజం వదినా. ఉంగరాలమ్మే. ఎండాకాలంలో ఉంగరాలు తీసేస్తుంది. మనం రెండు రకాలనుకున్నాం. ఒకటే."

వదిన పిచ్చుక పక్కన నెమ్మదిగా కూలబడింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. తాను భయపడినంతా అయిందనుకుంది పిచ్చుక. "వదినా, ఏడవకు" అని చెయ్యి పట్టుకోబోతే, వదిన కొంగు తీసింది. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. నోటివెంట నవ్వు ఆగడం లేదు.

"అయితే నేను దీన్ని చూశానే!"

"ఆఁ?"

"చూశాను కదే పిచ్చుకా! ప్రతి వానాకాలం చూశాను. కళ్లు నిక్షేపంగా ఉన్నప్పుడు, ఊపిరి బిగబట్టి, ముక్కు ఆనేంత దగ్గరగా చూశాను. ఒళ్లంతా ఎలా ఉంటుందో కళ్లు మూసుకుని చెప్పగలను. రెక్క మడిచేది, మీసం ఆడించేది, అన్నీ. ఇన్నాళ్లూ దాన్ని చూడకుండానే పోతానేమోనని బెంగపెట్టుకున్నాను. నువ్వడిగితే ఇవ్వలేకపోయానని ఏడ్చాను. నీకు ఇచ్చిన మొట్టమొదటి ఫోటో అదేనే!"

పిచ్చుక ఆమె ఒళ్లో తల పెట్టేసింది. ఆ వయసులో, ఆ మోకాళ్లతో, ఆ ఎండలో. వదిన నెరిసిన ఆ జుట్టు వేళ్లతో దువ్వుతూ కూర్చుంది.

యంత్రాల గది దగ్గర నుంచి అన్నయ్య ఫ్లాస్కు పట్టుకుని గడ్డిలో కాళ్లెత్తి వేస్తూ వచ్చాడు. నుదుటి మీద అద్దం మురికి గుండ్రంగా అంటుకుని ఉంది. ఇద్దరి తడి మొహాలూ చూసి కంగారుపడి, "ఏమైంది? దొరకలేదా?" అన్నాడు.

వదిన ఆయన కేసి తల పక్కకు తిప్పింది.

"ఎప్పుడో దొరికిందటండీ" అంది. "మాకే తెలియలేదు."